గోదావరి మొగల్లో పక్షుల లెక్క, సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి రోజుల్లో మేం కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే మొగల దగ్గర ఉన్న చొల్లంగి, కోరింగ, భైరవపాలెం వైపు పక్షుల్ని లెక్కపెడుతూ తిరుగుతుంటాం. పడవ నడిపేవాళ్ళు, రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాళ్ళు, కాలేజీ పిల్లలు, మడ అడవిలో చెక్కతో వేసిన నడకదారి, బోర్డువాక్ చూడటానికి వచ్చిన కుటుంబాలు, ఎవరు ఎదురైనా ఏదో ఒకటి అడుగుతారు. అక్కడ నిలబడి హడావిడిగా చెప్పే జవాబు ఎప్పుడూ సగమే అవుతుంది. మిగతా సగం కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

ఈ పక్షులు ఎక్కడి నుంచి వస్తాయి? ఇంత దూరం ఎందుకు?

అన్నీ బయటి నుంచి వచ్చేవి కావు. కొంగలు, నీటికాకులు, లకుముకిపిట్టలు, గరుడపక్షులు, తీతువులు ఏడాది పొడవునా మనతోనే ఉంటాయి. చలికాలంలో మేటల మీద, అంటే ఒండ్రు పేరుకున్న బురద నేలల మీద, గుంపులు గుంపులుగా దిగే సన్నకాళ్ళ పిట్టలు మాత్రం వలస పక్షులు. మనవాళ్ళు వాటిని కలిపి ఉల్లంకులు అంటారు కానీ, అందులో చాలా జాతులున్నాయి. వీటిలో ఎక్కువ భాగం సైబీరియా, మధ్య ఆసియా ప్రాంతాల్లో గుడ్లు పెట్టి, అక్కడ నేల గడ్డకట్టే లోపు దక్షిణానికి బయల్దేరతాయి. ఆర్కిటిక్ నుంచి హిందూ మహాసముద్రం దాకా సాగే ఈ ఆకాశమార్గాన్ని సెంట్రల్ ఏషియన్ ఫ్లైవే అంటారు. 30 దేశాల మీదుగా పోతుంది. మన తీరం ఆ దారిలో ఒక మజిలీ. కొన్నిటికైతే చలికాలమంతా ఇదే ఇల్లు.

లిటిల్ స్టింట్ అనే పిట్ట 20, 30 గ్రాములకు మించదు. ఆర్కిటిక్ అంచున పుట్టి, తల్లిదండ్రులు దారి చూపించకుండానే మన కాకినాడ బురదలో వచ్చి వాలుతుంది. ఎన్నేళ్ళు చూసినా ఆ మాట గుర్తొస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

కాకినాడ దగ్గరే ఎందుకు అంత ఎక్కువ?

బురద వల్ల. గౌతమి పాయ తెచ్చిన ఒండ్రు, హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుకదిబ్బ అడ్డం ఉండటం వల్ల, అలల తాకిడి లేకుండా లోపల నెమ్మదిగా పేరుకుంది. రెండు వందల ఏళ్ళ పైబడి పెరిగిన దిబ్బ అది. దాని వెనక కాకినాడ అఖాతం లోతు తక్కువ. పాటు దిగితే, అంటే సముద్రపు నీరు వెనక్కి తగ్గితే, చూపు ఆనినంత మేర మెత్తటి బురద బయటపడుతుంది. పక్కనే కోరింగ మడ అడవి. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఆ 235 చదరపు కిలోమీటర్ల ప్రాంతంలో రాలిన ఆకు కుళ్ళి, పురుగుకీ పీతకీ తిండి అవుతుంది. ఆ పురుగూ పీతే పక్షికి తిండి.

ఈసారి పాటు వేళ వెళ్ళినప్పుడు అరచేతి మేర బురదను దగ్గరగా చూడండి. సూది మోపినంత రంధ్రాలు, పురుగులు బయటికి తోసిన సన్నటి మట్టి చుట్టలు, వాటి మధ్య మూడువేళ్ళ అడుగుజాడలు. స్టింట్ నడుస్తూనే కుట్టుమిషన్ సూదిలా ముక్కు ఆడిస్తుంది. కర్లూ అనే పెద్ద ఉల్లంకి అలా కాదు. వంపు తిరిగిన జానెడు ముక్కును కలుగులోకి దింపి, పీతను బయటికి లాగి, గట్టిగా విదిలిస్తుంది. కాళ్ళు ఊడి పడిపోయాక డిప్పను మింగుతుంది. ఒకే మేట మీద ఇన్ని జాతులు కొట్లాడుకోకుండా బతకగలుగుతున్నాయంటే, ఒక్కో ముక్కు ఒక్కో లోతుకు అందడమే కారణం.

చూడటానికి ఏ నెలలు మంచివి?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. మొదటి గుంపులు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే వస్తాయి. మార్చి, ఏప్రిల్‌లో తిరుగు ప్రయాణం. వెళ్ళే ముందు కడుపారా తిని బాగా బరువెక్కుతాయి, కొన్ని జాతుల్లో దాదాపు రెట్టింపు అవుతాయి. మొదటి ఏడాది పిల్లల్లో కొన్ని వెళ్ళకుండా ఎండాకాలం కూడా ఇక్కడే ఉండిపోతాయి. అందుకని మే నెలలో ఉల్లంకి కనబడితే దారి తప్పిందనుకోకండి.

అన్ని వేల పక్షుల్ని ఎలా లెక్కపెడతారండీ?

అందరికంటే ఎక్కువ మంది అడిగేది ఇదే. అనుమానంగా అడిగేవాళ్ళూ ఉంటారు. వాళ్ళ అనుమానంలో తప్పు లేదు.

ముందు పోటు సమయం చూసుకోవాలి. పాటు దిగినప్పుడు పక్షులు కిలోమీటర్ల మేర చెదిరి మేస్తుంటాయి, అప్పుడు లెక్క కుదరదు. పోటు ఎక్కుతున్న కొద్దీ బురద మునిగి, మునగని ఇసుకదిబ్బల మీదికి చేరతాయి. ఆ రెండు గంటలే మాకు దొరికే సమయం. రోజూ రెండు పోట్లు, అవి కూడా రోజుకు ముప్పావు గంట పైన ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్య, పౌర్ణమికి పోటు పెద్దది. అష్టమి రోజుల్లో బలం ఉండదు, పక్షులు దగ్గరికి చేరవు. పుష్య మాసం చివర చొల్లంగి అమావాస్యకు జనం సముద్ర స్నానానికి వచ్చే రోజులే పక్షులు నిండుగా ఉండే రోజులు కూడా. తిథి చూసి పోటు చెప్పే పడవాయన పక్కన ఉంటే ఫోన్‌లో టైడ్ చార్ట్ తీసే పని ఉండదు. "ఆయ్, ఇంకో అరగంట ఆగండి, నీరు తిరగాలి" అంటాడు. అరగంటకే తిరుగుతుంది.

తరువాత స్కోపు, అంటే దూరాన ఉన్న పక్షిని దగ్గరగా చూపే దుర్భిణి. ఒకరు చూసి చెబుతారు, ఒకరు రాస్తారు, ఇంకొకరు ఏ జాతో తేల్చుకుంటారు. గుంపులో ముందు పది పక్షుల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టి, అవి ఎంత మేర పట్టాయో కంటితో కొలుచుకుంటాం. ఆ కొలతను పదింతలు చేస్తే వంద. ఆ వందను గుంపు మీద ఇటు చివర నుంచి అటు చివర దాకా పరుచుకుంటూ పోతాం. రకరకాలు కలిసి ఉంటే మొత్తం ముందు తీసుకుని, నాలుగైదు చోట్ల ఏది ఎన్ని పాళ్ళు ఉందో చూసి విడగొడతాం. గుంపు లేచిపోతే టైము, ఎటు వెళ్ళిందన్నది రాసుకుంటాం.

ఆ చివరి మాట మాకు ఒక తప్పు వల్ల తెలిసింది. ఒక జనవరిలో రెండు పడవల్లో వెళ్ళాం. సాయంత్రం పుస్తకాలు పక్కపక్కన పెట్టి చూస్తే రెండింట్లోనూ గాడ్‌విట్ అనే పొడవు ముక్కు ఉల్లంకుల పెద్ద గుంపు ఉంది, సంఖ్యలు కూడా దగ్గర దగ్గరగానే ఉన్నాయి. ఒక దిబ్బ నుంచి లేచిన గుంపే అవతలి దిబ్బ మీద వాలింది. ఎవరం టైము రాయలేదు. ఎంత ఆలోచించినా తేలక, ఒక లెక్క కొట్టేశాం. అప్పటి నుంచి ప్రతి వరుస పక్కన గంట, నిమిషం ఉండాల్సిందే.

అయితే ఆ సంఖ్య నిజమేనా?

తల తలకూ నిజం కాదు. ఒక్క ఏడాది సంఖ్యను పట్టుకుని "పెరిగాయి", "తగ్గాయి" అని వార్త రాయడం నాకు నచ్చదు. ముందు వారం గాలి ఎటు కొట్టింది, ఆ రోజు పోటు ఎంత, స్కోపు దగ్గర ఎవరున్నారు, అన్నీ సంఖ్యను మారుస్తాయి. కానీ అదే చోటు, అదే కాలం, అదే పద్ధతిలో ఏళ్ళ తరబడి లెక్కపెడితే వచ్చే గీతకు విలువ ఉంది. ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ అనే నీటిపక్షుల లెక్క 1987 నుంచి ప్రతి జనవరిలో జరుగుతున్నది ఇందుకే. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ నివేదిక 942 జాతుల స్థితిని అంచనా వేసింది, సుమారు 30 వేల మంది మామూలు పక్షి ప్రేమికులు పంపిన వివరాల ఆధారంగా. అందులో బాగా తగ్గుతున్నవాటిలో ఈ వలస తీరపక్షులు ఉన్నాయి.

ఇండియన్ స్కిమ్మర్ కోసం అంత ఆరాటం ఎందుకు?

ఒకసారి చూస్తే మీకే తెలుస్తుంది. నలుపు తెలుపు ఒళ్ళు, నారింజరంగు ముక్కు. కింది దవడ పై దవడ కంటే పొడవు. నోరు తెరిచి, కింది దవడను నీళ్ళలో దింపి, రెక్క తడవకుండా నీటి మీద గీత గీసుకుంటూ పోతుంది. చేప తగిలిందా, తల చటుక్కున కిందికి వంగి నోరు మూసుకుంటుంది. మిగతా సమయంలో ఇసుక మీద అన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి, గాలికి ఎదురుగా కూర్చుంటాయి.

చంబల్, మహానది లాంటి నదుల్లో ఎండాకాలం బయటపడే ఇసుక తిన్నెల మీద గుడ్లు పెడతాయి. చలికాలానికి కొన్ని మన తీరానికి చేరతాయి. ప్రపంచవ్యాప్తంగా జాతుల స్థితిని అంచనా వేసే ఐయూసీఎన్ సంస్థ 2020లో దీన్ని ప్రమాదంలో ఉన్న జాతిగా చేర్చింది. ప్రపంచం మొత్తం మీద ఎదిగిన పక్షులు 3 వేల లోపే ఉంటాయని అంచనా. కాకినాడ ఇసుకదిబ్బ మీద ఒక గుంపు కనబడితే, ప్రపంచంలో మిగిలిన వాటిలో చెప్పుకోదగ్గ భాగం మన కళ్ళ ముందు ఉన్నట్టు. అందుకే ఆ దిబ్బ దగ్గరికి పడవ పోనివ్వొద్దని బతిమాలుతాం.

గ్రేట్ నాట్ అనే పేరు వింటుంటాం. అదేంటి?

ఈశాన్య సైబీరియా కొండల్లో పుట్టే ఉల్లంకి జాతి. ఎక్కువ భాగం చలికాలం ఆస్ట్రేలియాలో గడుపుతుంది, కొన్ని మన వైపు వస్తాయి. దక్షిణ కొరియాలో సేమాంగియం అనే చోట 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో సముద్రాన్ని మూసేశారు. దారిలో ఆగి తినే ఆ బురద ఒక్కసారిగా పోయింది, జాతి కూలిపోయింది. ఇప్పుడు ఇది కూడా ప్రమాదంలో ఉన్న జాతే. పుట్టిన చోటు బాగుంది, చేరే చోటు బాగుంది, మధ్యలో అన్నం పెట్టే చోటు పోయింది. "ఈ బురద పనికిరాని భూమి కదా" అని ఎవరైనా అంటే నేను చెప్పేది ఈ సంగతే.

కాలికి రింగు ఉన్న పక్షి దొరికితే ఏం చేయాలి?

రింగు తీయకండి. బతికున్న పక్షి అయితే దూరం నుంచే ఫోటో తీయండి. లోహపు రింగు మీద నంబరు, రంగు జెండా ఉంటే దాని రంగు, మీది అక్షరాలు, ఏ కాలికి, మోకాలికి పైనా కిందా, తేదీ, చోటు రాసుకోండి. మన దేశంలో రింగులు వేసే పని ప్రధానంగా బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ చేస్తుంది. రింగు మీద వాళ్ళ పేరే ఉంటుంది, వాళ్ళకు పంపండి. చచ్చిన పక్షి అయినా సమాచారం సమాచారమే. రింగు సంగతి చెబితే పోలీసు కేసు అవుతుందేమోనని కొందరికి టెన్షన్. చూసింది చూసినట్టు చెప్పినవాళ్ళ మీద కేసు ఏమీ ఉండదు. పక్షిని పట్టి రింగు వేయడానికి మాత్రం అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

పక్షులు మా రొయ్యలు తినేస్తున్నాయి. మా నష్టం ఎవరికీ పట్టదా?

పట్టాలి. రైతు నష్టం అబద్ధమని చెప్పే సంరక్షణ ఈ డెల్టాలో నిలబడదు. నీటికాకులు, తెల్లకొంగలు చెరువులో దిగితే నష్టమే. ఒక చెరువులో చచ్చిన రొయ్యను నోట కరిచి ఇంకో చెరువులో వదిలితే తెల్లమచ్చ వ్యాధి వస్తుందన్న భయమూ ఊరికే పుట్టింది కాదు.

కానీ నీళ్ళలోకి దిగి తినేవి వేరు, బురదలో మేసేవి వేరు. స్టింట్లు, ప్లవర్లు లాంటి చిన్న తీరపు పిట్టలు నిండు చెరువులో రొయ్యను పట్టలేవు, వాటి కాళ్ళు అంగుళం, రెండంగుళాలు. పట్టుబడి అయ్యాక నీళ్ళు తీసేసిన చెరువులోకి అవి వస్తాయి. అప్పటికి మీకు పోయేది ఏమీ లేదు. ఆ నాలుగు రోజులు ఊరుకుంటే చాలు, అడుగున మిగిలిన పురుగుల్ని ఏరుకుని పోతాయి.

అసలు బాధ సన్నటి నైలాన్ వలలతో. కంటికి ఆనవు కనుక, ఏ రకమైనా అందులో పడుతుంది. ఒక చెరువు గట్టు మీద వలలో తలకిందులుగా వేలాడుతున్న గ్రేట్ నాట్‌ను చూశాను. రాత్రంతా కొట్టుకుని రెక్క ఎముక బయటికి వచ్చింది. విడిపించే లోపే చేతిలో పోయింది. ఆ గట్టు మీద కాపలా ఉన్న కుర్రాడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు. "ఇది మా రొయ్య తినేది కాదాండీ?" అని అడిగాడు. కాదు.

వల కట్టాలంటే లావు దారం, తెల్లగానో పసుపుగానో కనబడే రంగు, బిగువుగా కట్టండి. వదులుగా ఉన్నదే ఉరి అవుతుంది. వల కంటే, అడుగున్నర దూరానికొకటి లాగి కట్టిన తాళ్ళు, గాలికి మెరిసే రిబ్బన్లు మేలు. మనిషి తిరుగుతూ ఉంటే ఇంకా మేలు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వల తనిఖీ చేయండి. విషం కలిపిన ఎర మాత్రం వద్దు. అది నేరం, పైగా చచ్చిన పక్షిని తిన్న కుక్క, గద్ద కూడా పోతాయి.

వలలో చిక్కిన పక్షిని ఎలా విడిపించాలి?

ముందు తల మీద తువ్వాలు కప్పండి, చీకటైతే కుదుటపడుతుంది. రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకుని, దారాన్ని కత్తెరతో కోయండి. వలను లాగకండి. కొంగ జాతి అయితే ముక్కు పట్టుకోవాలి, అది కళ్ళకు గురి చూసి పొడుస్తుంది. నోట్లో నీళ్ళు పోయకండి. దెబ్బ లేకపోతే అక్కడే వదిలేయండి. దెబ్బ ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి అటవీశాఖకు ఫోన్ చేయండి.

మడ మొక్కలు ఎక్కువ నాటితే పక్షులు పెరుగుతాయి కదా?

ఎక్కడ నాటుతున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ మాట చెబితే చాలామంది నొచ్చుకుంటారు, అయినా చెప్పాలి. మడ అడవి కొంగలకు, లకుముకిపిట్టలకు, చేపపిల్లలకు కావాలి. తుఫానుకు అడ్డం నిలబడటానికి మనకు కావాలి. కానీ తెరిపి మేట మీద మేసే పక్షికి చెట్టు వద్దు. చెట్టు ఉన్నచోట గద్ద పొంచి ఉంటుందని దానికి భయం. పోటు వేళ విశ్రాంతికి నాలుగు వైపులా కనబడే బోడి నేలనే వెతుక్కుంటుంది. ఖాళీగా ఉంది కదా అని మేట మీద వరుసలు వరుసలుగా మడ నాటితే, ఒక జీవికి అన్నం పెట్టబోయి ఇంకో జీవి కంచం లాగేసినట్టే. పైగా రోజూ ఎక్కువసేపు మునిగే చోట మొక్కలు బతకవు కూడా.

నాటాల్సింది పూర్వం మడ ఉండి పోయిన చోట్ల, వదిలేసిన రొయ్యల చెరువుల్లో. అక్కడ చాలాసార్లు మొక్క కంటే ముందు నీళ్ళు కావాలి. గట్టు తెగ్గొట్టి, చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీరు లోపలికి రానిస్తే, ఉప్పు పేరుకున్న నేల మళ్ళీ కుదుటపడుతుంది. ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్, అటవీశాఖ, ఊళ్ళ జనంతో కలిసి గోదావరి మడ అడవుల్లో ఈ పద్ధతిలో పని చేశాయి. నీరు సరిగా ఆడితే తెల్లమడ విత్తనం దానంతటదే కొట్టుకొచ్చి మొలుస్తుంది.

ఎగువ ఆనకట్టలకూ ఇక్కడి పక్షులకూ ఏం సంబంధం?

మేట అనేది నది పెట్టే భిక్ష. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకు అన్నం దొరికింది, అందులో రెండో మాట లేదు. కానీ తరువాతి కాలంలో నది పొడవునా ఒకదాని మీద ఒకటి కట్టిన జలాశయాల్లో ఒండ్రు ఆగిపోతోంది. కొత్త మట్టి రాకపోతే అల పాత మట్టిని కోసుకుపోతుంది. తీరంలో చాలా చోట్ల కోత కనబడుతూనే ఉంది. ఎకరం మేట పోతే ఆ ఎకరంలో మేసే పక్షులు ఇంకో చోట సర్దుకుంటాయని అనుకోవద్దు. అక్కడ అప్పటికే నిండుగా ఉంటాయి.

కొల్లేరు ఉంది కదా, అక్కడికి పోవా?

కొల్లేరు మంచినీటి సరస్సు, 2002 నుంచి రామ్‌సర్ గుర్తింపు, అంటే అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలగా గుర్తింపు, ఉన్నది. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, బాతులు. ఉప్పునీటి బురదలో పురుగు తినే పక్షికి అది బదులు కాదు.

దగ్గరికెళ్ళి ఫోటో తీస్తే ఏమవుతుంది? ఎగిరి మళ్ళీ వాలతాయి కదా.

వాలతాయి. కానీ పోటు వేళ దిబ్బ మీద ఉన్న పక్షి నిద్రలో ఉన్నట్టు. మూడుసార్లు లేపితే ఆ పూట తిన్నదంతా ఎగరడానికే ఖర్చు. మార్చిలో బరువు పెంచుకునే రోజుల్లో ఇది ప్రాణం మీదికి వస్తుంది. తలలు పైకెత్తి అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాయంటే మీరు అప్పటికే ఎక్కువ దగ్గరికి వెళ్ళారు, ఆగిపోండి. డ్రోన్ వాటి కంటికి గద్దే. ఇక కుక్కలు. సరదాగా గుంపు మీదికి ఉసిగొలపడం చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఎండాకాలంలో ఇసుక మీద గుడ్లు కనబడ్డాయి. తీసి జాగ్రత్త చేయమంటారా?

వద్దు. తీతువు, చిన్న ప్లవర్లు, టెర్న్‌లు అనే నీటిపక్షుల్లో కొన్ని గూడు కట్టవు, ఇసుకలో గుంట చేసి పెడతాయి. గుడ్డు రంగు ఇసుకలో కలిసిపోతుంది, కాలి కింద పడితే గానీ తెలియదు. తల్లి పక్కన రెక్క విరిగినట్టు నటిస్తూ కుంటుతుంటే, గూడు మీ దగ్గరలోనే ఉందన్నమాట. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి వెళ్ళండి. మిట్టమధ్యాహ్నం తల్లిని పావుగంట దూరం పెడితే ఎండకు గుడ్డు ఉడికిపోతుంది.

వేట చేస్తే శిక్ష ఉందా?

ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవి పక్షుల్ని పట్టడం, చంపడం, అమ్మడం నేరం. ఆ చట్టంలో ఎక్కువ రక్షణ ఇచ్చిన మొదటి షెడ్యూల్ జాతులకు మూడు నుంచి ఏడేళ్ళ జైలు. హోటల్లో "పిట్ట మాంసం" దొరుకుతుందన్నా అంతే.

వలస పక్షుల వల్లే బర్డ్ ఫ్లూ వస్తోందా?

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ళఫారాల్లో వ్యాధి బయటపడ్డప్పుడు చాలామంది ఇలాగే అడిగారు. నీటిపక్షులు వైరస్‌ను మోయగలవు. కోళ్ళ రవాణా, గుడ్ల ట్రేలు, మనుషుల చెప్పులు కూడా మోయగలవు. పక్షుల్ని తరిమితే జబ్బు ఆగదు, కొత్త చోటికి పోతుంది. మీరు చేయాల్సింది ఒకటే: ఒకే చోట చాలా పక్షులు చచ్చి పడి ఉంటే ముట్టుకోకండి, పిల్లల్ని పోనివ్వకండి, పశుసంవర్ధక శాఖకు, అటవీశాఖకు వెంటనే చెప్పండి.

నాకు బైనాక్యులర్ లేదు, పక్షుల పేర్లూ తెలియవు. నేను రావచ్చా?

రండి. రాసేవాళ్ళు మాకు ఎప్పుడూ తక్కువే. పెన్సిల్ తెచ్చుకోండి, పెన్ను తడికి పారదు. ముదురు రంగు బట్టలు, టోపీ, నీళ్ళ సీసా. చెప్పులు వద్దు, బురద లాగేసుకుంటుంది, అడుగున గుల్లలు కోస్తాయి కనుక బిగుతుగా ఉండే పాత బూట్లు వేసుకోండి. ఇంటి దగ్గరి చెరువులో చూసినవి ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైట్‌లో నమోదు చేయడం ఇప్పటి నుంచే మొదలుపెడితే, జనవరికి పది పన్నెండు పేర్లు వాటంతటవే వచ్చేస్తాయి. చేపలవేటకు వెళ్ళే ఇంటివాళ్ళైతే మీకు ఇప్పటికే మాకంటే ఎక్కువ తెలుసు, పేర్లే వేరు. మీ ఊళ్ళో ఏ పిట్టను ఏమంటారో రాసి తీసుకురండి, ఆ పేర్ల పట్టిక ఒకటి తయారవుతోంది. బయల్దేరే వేళ పోటును బట్టి ముందు రోజు సాయంత్రం చెబుతాం. మామూలుగా చీకటితోనే.